ఆదినారాయణ గారి ఆకలి

"ఆదినారాయణ గారికి ఆకలి లేదు సార్!"

డాక్టర్ నీలిమా టొప్పో తలుపు తోసుకుని వస్తూనే అన్న మాట అది. మెడలో స్టెతస్కోపు అలాగే ఉంది. ఓపీ మధ్యలో వదిలేసి బస్సెక్కినట్టుంది.

"ఉంది," అన్నాడు భానుమూర్తి తలెత్తకుండా.

"తిని వచ్చానని ఆయనే చెప్పారు. నేను విన్నాను."

"విన్నారు. అర్థం చేసుకోలేదు. అందుకే తప్పారు."

వెలిచేటి భానుమూర్తి కాకినాడలోని తెలుగు శ్రవణ పరీక్షా కేంద్రానికి డైరెక్టరు. వేరే రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ ప్రభుత్వోద్యోగంలో చేరినవాళ్లు ఎవరైనా సరే, ఆయన తయారుచేసిన పరీక్ష పాసవ్వాల్సిందే. మాటల పరీక్ష సగం, విని అర్థం చేసుకునే పరీక్ష సగం. నీలిమది రాంచీ. కొమ్మూరుపేట ప్రభుత్వాసుపత్రికి ఉన్న ఒకే ఒక్క డాక్టరు. మాటల పరీక్షలో ఎప్పుడూ ఫస్టే. వినే పరీక్షలో మాత్రం ఇది మూడోసారి పోవడం. మూడుసార్లూ ఒకే ఒక్క మార్కు, మూడుసార్లూ అదే పదిహేడో ప్రశ్న. ఈ నెలాఖరులోగా పాసవ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది.

ఆ ప్రశ్నలో ఇద్దరి మాటలు వినిపిస్తారు.

'భోజనం చేసి వెళ్లండి ఆదినారాయణ గారూ.'

'అబ్బే, ఇప్పుడే తిని వచ్చానండీ.'

'ఒక్క ముద్ద.'

'అయ్యయ్యో, వద్దండీ.'

'కనీసం పెరుగన్నమైనా...'

'సరే, మీరంతగా అంటుంటే...'

ఆదినారాయణ గారికి ఆకలిగా ఉందా, లేదా? ఇదీ ప్రశ్న. ఉంది అన్నవాళ్లకే మార్కు.

"ఏ తెలుగువాణ్ణి లేపి అడిగినా చెబుతాడమ్మా," అన్నాడు భానుమూర్తి. ఆ ప్రశ్నంటే ఆయనకి కన్నబిడ్డంత ముద్దు. "మొదటి పిలుపుకే కూర్చునేవాడు మనిషా? కడుపులో ఎలకలు పరిగెడుతున్నా రెండుసార్లు వద్దనాలి. అదీ తెలుగు!"

"నేను తెలుగు నేర్చుకున్నాను సార్. తెలుగువాళ్లింట్లో పుట్టడం ఎలాగో ఏ కోచింగ్ సెంటర్లోనూ నేర్పడం లేదు."

పక్క గదిలోంచి ఎవరో కిసుక్కుమని నవ్వారు. ఆ వెనకే ఒక తల బయటికొచ్చింది.

"దీనికి మార్గం ఉందండి సార్," అంది కొప్పిశెట్టి ధనరేఖ.

ధనరేఖ ఆ కేంద్రంలో ఇంజనీరు. నాలుగేళ్లుగా ఆ గదిలో ఒక టోపీని తయారుచేస్తోంది. చూడ్డానికి స్కూటర్ హెల్మెట్‌కి జడలు మొలిచినట్టు ఉంటుంది. పెట్టుకున్నవాళ్ల మెదడులో తెలుగుని సన్నటి అయస్కాంత తరంగాలతో జోకొట్టి పడుకోబెట్టడం దాని పని. చంపదు, పడుకోబెడుతుందంతే. రెండేళ్లు తెలుగు నేర్చుకున్న మనిషికి ఎంత వస్తుందో అంత మెలకువగా ఉంచుతుంది. ఓ రెండు వేల మాటలు ఉంటాయి. మిగతా మాటలు నిద్రపోతాయి. మాటల వెనక మనం చెప్పకుండా చెప్పుకునేవీ నిద్రపోతాయి. పరీక్షలు పెట్టేవాళ్లు రాసేవాళ్ల చెవులతో వినాలని ఆమె కోరిక.

"మీరు ఓసారి పెట్టుకుని రాసి చూడండి. పదిహేడోది న్యాయమో కాదో తేలిపోద్ది."

"పరీక్ష పెట్టినవాణ్ణే నేను. నాకేం భయం? పెట్టు."

"కాని సార్, టోపీ తీసేసినా మీ తెలుగు మీద అది కప్పిన ముసుగు పోదండి. మళ్లీ లేపేటప్పుడు మెదడులో ఎక్కడ మొదలెట్టాలో మెషినుకి గుర్తు ఒకటి కావాలి. మన పరీక్ష పాసవ్వడమే ఆ గుర్తు. ఇంకే కొలతా వాడొద్దని మీరే..."

"నా పరీక్ష నేను పాసవ్వనా ఏవిటి? పెట్టవమ్మా!"

పెట్టింది. చిన్న గుయ్ మనే చప్పుడు. అయిదు నిమిషాల తర్వాత టోపీ తీశారు. భానుమూర్తి కళ్లు చికిలించి గది మూలకి చూశాడు.

"దాహంగా ఉంది. ఆ... నీళ్లు ఉండే... మట్టి వస్తువు..."

"కూజాండి," అంది ధనరేఖ.

"ఏమిటది?"

నీలిమ గ్లాసుతో నీళ్లు అందిస్తూ, "కూజా సార్. మీ మాటల పరీక్షలో ముప్పయ్యో ప్రశ్న," అంది. ఆమె మొహంలో ఆ రోజు మొదటిసారి సంతోషం కనిపించింది.

ధనరేఖ మళ్లీ టోపీ పెట్టి పరీక్ష మొదలెట్టింది. ఈ యంత్రం జవాబు ఒక్కటే చూడదు. ఆ జవాబు అర్థమై వచ్చిందా, గుర్తుండి వచ్చిందా అని మెదడులోనే చూస్తుంది. పదిహేడో ప్రశ్న వినబడింది. భానుమూర్తి శ్రద్ధగా విన్నాడు. పాపం ఆదినారాయణ తిని వచ్చానంటుంటే వినకుండా పెరుగన్నం పెడుతున్నారేమిటి, ఆయనకి అజీర్తి చెయ్యదూ? ఇదే తోచింది ఆయనకి. అయినా జవాబు తనే రాసింది కాబట్టి గుర్తుంది. 'ఆకలిగా ఉంది' అని నొక్కాడు.

తెరమీద అక్షరాలు వచ్చాయి. 'జవాబు సరైనది. అర్థం కాలేదు. మార్కు లేదు.'

ఒక్క మార్కుతో పోయాడు.

ధనరేఖ మొహం తెల్లబోయింది. "మెదడుకి విశ్రాంతి కావాలండి. రోజుకి ఒక్కసారే రాయాలి. రేపు చూద్దాం. పర్లేదు సార్."

"పర్వాలేదా? అయితే సరే," అని నమ్మేసి ఇంటికి బయల్దేరాడు భానుమూర్తి. ఇంగ్లీషు చెక్కుచెదరకుండా ఉంది. కాకపోతే కాకినాడ వీధిలో, సొంతింట్లో ఇంగ్లీషు పెట్టుకుని ఏం చేసుకుంటాడు?

ఇంటికి వెళ్లేసరికి భార్య హైమవతి వాళ్ల అన్నయ్య వీరభద్రం, వదిన వచ్చి కూర్చున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట. లోపల గుత్తొంకాయ కూర ఘుమఘుమలాడుతోంది.

"భోజనానికి లేవండి బావగారూ," అన్నాడు భానుమూర్తి. ఆ ముక్క రెండు వేలలో ఉంది.

"అబ్బే, వద్దు బావా. ఇప్పుడే టిఫిన్లు కానిచ్చుకుని బయల్దేరాం."

"అలాగా. మంచిది."

ఒక్కడే కూర్చున్నాడు. కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు. వీరభద్రం దంపతులు గోడమీది క్యాలెండర్ వంక చూస్తూ గుటకలు మింగారు. హైమవతి వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"ఇంక మేం వెళ్లొస్తాం బావా," అన్నాడు వీరభద్రం చివరికి, లేచి నిలబడి.

"సరే. ఎన్నింటికి వస్తారు?"

వాళ్లు వెళ్లాక హైమవతి మెల్లగా అంది. "బాగుందండీ. చాలా బాగుంది."

"అవును. కొంచెం కారం ఎక్కువ, కాని బాగుంది."

"ఇంక నేనేం మాట్లాడను. మీ ఇష్టం. మీకెలా తోస్తే అలా చెయ్యండి."

"థాంక్స్ హైమా," అన్నాడాయన మనస్ఫూర్తిగా, వెళ్లి పడుకున్నాడు.

హైమవతి వంటింట్లో గిన్నెలు ఎత్తి కుదేసింది. మామూలుగా అయితే ఆ చప్పుడుకి భానుమూర్తి లేచి చొక్కా తొడుక్కుని వీధిలోకి జారుకునేవాడు. ఇవాళ గురక వినిపించింది. అప్పుడు భయమేసి ఆమె ధనరేఖకి ఫోన్ చేసింది. విషయం తెలిసింది.

మర్నాడు, ఆ మర్నాడు కూడా భానుమూర్తి పరీక్ష పోయాడు. రెండుసార్లూ పదిహేడో ప్రశ్నే. 'జవాబు సరైనది. అర్థం కాలేదు.'

ఇంట్లో మాత్రం వింత జరుగుతోంది. మొదటి రెండు రోజులు హైమవతి ఏడ్చింది. మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ చేసి, "ఏం చేస్తున్నారు?" అని అడిగితే "కూర్చున్నాను" అన్నాడు. "ఏం లేదు, ఊరికే చేశాను" అంటే "ఊరికే ఎందుకు చేశావు?" అన్నాడు, నిజంగానే తెలియక. ఆమె ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చుంది. ఇరవై ఆరేళ్లుగా కలిసి ఉన్న మనిషి ఎక్కడికో వెళ్లిపోయినట్టనిపించింది.

మూడోనాడు కళ్లు తుడుచుకుని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకు మోకాళ్లు నొప్పి. రాత్రి గిన్నెలు మీరు కడగండి."

"సరే," అని కడిగాడు.

హైమవతి కడిగిన గిన్నెల్ని తిప్పి తిప్పి చూసింది. కాసేపాగి ఇంకోటి వేసి చూసింది. "మీ చెల్లెలు నా చీర గురించి ఎగతాళి చేస్తే నాకు బాధేసింది. మీరు అడగలేదు."

"అడగలేదా? తప్పు. ఇప్పుడు అడుగుతాను," అని ఫోన్ తీసి అప్పటికప్పుడు చెల్లెల్ని అడిగేశాడు.

అప్పుడు తెలిసింది హైమవతికి. ఇన్నేళ్లూ గిన్నెల చప్పుడు ఆయనకి అర్థం కాకపోవడం కాదు, శుభ్రంగా అర్థమయ్యేది. చప్పుడుకి జవాబు చెప్పక్కర్లేదు కాబట్టే జారుకునేవాడు. మాటగా చెబితే జారుకోవడానికి దారి ఉండదు.

"అమ్మాయ్ ధనరేఖా, తొందరేం లేదే. నిదానంగానే బాగుచెయ్యి," అని కబురంపింది.

భానుమూర్తికి మాత్రం ఊపిరాడడం లేదు. ఆఫీసులో అందరూ నవ్వుతున్నారు, ఎందుకో తెలియడం లేదు. తనే రాసిన పుస్తకాలు తెరిస్తే పేజీలో సగం మాటలు నిద్రపోతున్నాయి. అయిదోసారి కూడా పోయాక బస్సెక్కి తిన్నగా కొమ్మూరుపేట వెళ్లాడు.

"డాక్టరుగారూ, నాకు పాఠం చెప్పండి."

నీలిమ ఓపీలో కిటకిటలాడుతున్న జనం మధ్యలోంచి ఆయన్ని చూసింది. "పరీక్ష పోయినవాళ్లు పాఠం చెప్పకూడదని మీ రూలు సార్."

"నేనూ పోయాను. ఇద్దరం పోయినవాళ్లమే. ఫర్వాలేదు."

నవ్వొచ్చి పక్కన స్టూలు చూపించింది.

అంతలో ఒక ముసలాయన వచ్చాడు. తలగుడ్డ, చేతికర్ర. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏం తాతా? ఏమైంది?"

"ఏం లేదమ్మా. ఇటేపు పనుండి వచ్చాను. డాట్రమ్మ గారిని చూసి పోదారని."

భానుమూర్తి తలూపాడు. మనిషికి ఏమీ లేదు, చూసి పోవడానికి వచ్చాడు. నీలిమ మాత్రం కదలనివ్వలేదు.

"నొప్పి ఎక్కడ? వేలు పెట్టి చూపించు."

ముసలాయన కాసేపు కర్ర అటూ ఇటూ మార్చుకున్నాడు. తర్వాత కడుపు మీద వేలు పెట్టాడు.

"అన్నం తిన్నావా?"

"ఆయ్, తిన్నానండి."

"ఏం తిన్నావు? ఎప్పుడు తిన్నావు?"

"ఏదో... నిన్న ఓ పాలి... రెండు మెతుకులు..." కర్ర ఆగిపోయింది. "మొన్నటి నించి లోపలికి దిగట్లేదమ్మా. మా కోడలు కంగారు పడద్దని చెప్పలేదు. దానికి నెలలు."

నీలిమ ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టి చూసి, కాకినాడకి అంబులెన్సు పిలిపించింది. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ అంది. "నాకు మీలాగా తెలియదు సార్, తిన్నానంటే తినలేదని. కొందరు తిన్నానంటే నిజంగా తింటారు. అందుకని అందర్నీ అడుగుతాను. రెండోసారి కూడా అడుగుతాను. విసుక్కుంటారు, కాని చెబుతారు." తువ్వాలు తీసుకుంటూ ఆగింది. "మొదట్లో ఇక్కడే ఉన్న తెలుగు నర్సుని అడిగేదాన్ని. 'ఆ, మొహమాటపడుతున్నాడండీ' అని నవ్వి ఊరుకునేది. అర్థమైపోయింది కాబట్టి ఇంక అడగదు."

భానుమూర్తి ముసలాయన వెళ్లిన తలుపు వైపు చూశాడు.

"ఆదినారాయణ గారికి నిజంగా ఆకలిగా ఉందా సార్?" అడిగింది నీలిమ.

"నేనే రాశాను," అన్నాడాయన నెమ్మదిగా. "నాకు తెలియదు. ఆయన్ని అడగలేదు."

మర్నాడు ఉదయమే ఆఫీసుకి వచ్చి కాగితం ముందేసుకున్నాడు. పదిహేడోదానితో పాటు, మిగతా పరీక్షల పేపర్లలో అటువంటివే ఇంకో ఇరవై ప్రశ్నలున్నాయి. అన్నీ ఆయన ముద్దుబిడ్డలే. అవన్నీ తీసేసి, వాటి మూలంగా ఇంతవరకూ తప్పిన వాళ్లందర్నీ పాస్ చెయ్యాలి. మామూలుగా అయితే ఇలాంటి ఉత్తర్వు 'పరిశీలనాంతరం యుక్తాయుక్త విచక్షణ మేరకు' అంటూ మొదలై, చదివేవాడు నిద్రపోయాక ముగిసేది. ఇప్పుడా మాటలన్నీ నిద్రపోతున్నాయి. ఉన్న రెండు వేల మాటల్లోంచే ఏరుకుని రాశాడు.

'ఈ ప్రశ్నలు తప్పు. పెట్టింది నేను. తీసేశాను. వీటి వల్ల తప్పిన వాళ్లు పాస్. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఫలితాలు వస్తాయి.'

"సంతకం పెట్టొచ్చా? నాకు తెలుగు పూర్తిగా లేదు కదా?" అని అడిగాడు ధనరేఖని.

ఆమె నిబంధనలన్నీ తిరగేసి వచ్చింది. "డైరెక్టరుకి తెలుగు రావాలని ఎక్కడా లేదండి."

సంతకం పెట్టాడు. ప్రశ్నలు తీసేశారు కాబట్టి ఇంక పాసవ్వడానికి అడ్డేమీ లేదు. "టోపీ తీసుకురా," అన్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. రాజధాని నుంచి పరీక్షా మండలి కార్యదర్శి. ఆ ప్రశ్నలన్నింటికీ ఆమోదముద్ర వేసింది ఆయనే. ఫలితం కోసం ఓపీకి సెలవు పెట్టి వచ్చిన నీలిమ కూడా అక్కడే ఉంది. భానుమూర్తి స్పీకరు నొక్కాడు.

"భానుమూర్తి గారూ! మీ ఉత్తర్వు చూశానండీ. బ్రహ్మాండంగా ఉంది."

"థాంక్యూ సార్."

"మంచి మనసుతో చేశారు. కాదనను. కాకపోతే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు గదా."

"అనుకోనివ్వండి సార్. నలుగురే కదా."

ధనరేఖ చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది కాదండీ. మీ ఆరోగ్యం కూడా చూసుకోవాలి. ఈ మధ్య బాగా అలిసిపోయినట్టున్నారు. మారేడుమిల్లిలో మనకో శాఖ ఉంది. అడవి గాలి, ప్రశాంతంగా ఉంటుంది..."

"ఆరోగ్యం బాగుంది సార్. మారేడుమిల్లి కూడా బాగుంటుంది. పోయినేడు వెళ్లాం."

"సరే. పెద్దవారు. మీకు నేను చెప్పాలా?"

"చెప్పండి సార్. వింటున్నాను."

ఫోన్ కట్టయింది.

"ధనరేఖా, మొహం అలా పెట్టావేం?" అడిగింది నీలిమ.

ధనరేఖ ఆమెని పక్కకి లాగి గుసగుసలాడింది. "ఉత్తర్వు వెనక్కి తీసుకోకపోతే అడవిలోకి బదిలీ చేస్తానంటున్నాడక్కా! సార్‌కి ముసుగు ఉంది కాబట్టి నిలబడ్డారు. ఇప్పుడు గానీ తెలుగు తిరిగొచ్చిందా, కాళ్లు వణికి కాగితం చింపేస్తారు. ఆయన సంగతి నాకు తెల్సు!"

ఇద్దరూ గోడమీది గడియారం చూశారు. అయిదవడానికి ఇంకా చాలా టైముంది.

"టోపీ ఏది?" అన్నాడు భానుమూర్తి.

"ఛార్జింగ్ పెట్టానండి," అంది ధనరేఖ. దానికి ఛార్జింగ్ ఉండదు.

మధ్యాహ్నమంతా ఫోన్ మోగుతూనే ఉంది. కార్యదర్శి గారు వాళ్లబ్బాయి పెళ్లి ప్రస్తావన తెచ్చారు, గోదావరి పుష్కరాల ప్రస్తావన తెచ్చారు, మారేడుమిల్లిలో ఏనుగుల్లేవు గాని పాములున్నాయన్నారు. భానుమూర్తి ప్రతిదానికీ మర్యాదగా, అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పాడు. చివరికి ఆ పెద్దమనిషి గొంతు కీచుమంది.

"అంటే నేను ఇంతసేపూ ఏం చెప్తున్నానో మీకు అర్థం కావడం లేదంటారా?"

"పాములున్నాయని చెప్పారు సార్."

అయిదయింది. ఫలితాలు బయటికొచ్చాయి. నీలిమ ఫోన్ తెర మీద తన పేరు పక్కన ఆ ఒక్క మాట చూసుకుని, కుర్చీలో కూలబడి, అరచేతుల్లో మొహం దాచుకుంది. తర్వాత కొమ్మూరుపేటకి ఫోన్ చేసింది. "రేపు ఓపీ ఉంది. ఎల్లుండి కూడా ఉంది. అందరికీ చెప్పండి," అంది.

"ఇంక పెట్టుకోండి సార్," అంటూ ధనరేఖ టోపీ తెచ్చింది.

పాసయ్యాడు. గుయ్ మనే చప్పుడుతో తెలుగు లేవడం మొదలెట్టింది. ముందు కూజా లేచింది. తర్వాత మరచెంబు, తలుపు గొళ్లెం, తాటాకు చాప. ఆ తర్వాత వారం రోజులుగా విన్న మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చి కొత్తగా వినపడ్డాయి. వీరభద్రం టిఫిన్లు. హైమవతి 'మీ ఇష్టం'. ఊరికే చేసిన ఫోను. "అయ్యో!" అన్నాడు ఒకసారి. "అయ్యయ్యో!" అన్నాడు ఇంకోసారి. చివర్లో కార్యదర్శి గారు వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ధనరేఖా! బదిలీ చేస్తానన్నాడా నన్ను?"

"ఆయ్. పొద్దుట్నించీ అదే అంటున్నాడండి."

"మారేడుమిల్లికా? పాముల్లోకా? నేనేమన్నాను?"

"బాగుంటుందన్నారండి."

భానుమూర్తి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. కాళ్లు నిజంగానే వణుకుతున్నాయి. బల్ల మీద ఉత్తర్వు నకలు ఉంది. ఇప్పటికైనా 'పొరపాటున వెలువడినది' అని ఒక్క ముక్క రాసి పంపితే సర్దుకుంటుంది. ఎదురుగా నీలిమ నిలబడి ఉంది. ఏమీ అడగలేదు. ఆయన మొహంలోకే చూస్తోంది, ఆసుపత్రిలో ఆ ముసలి తాతని చూసినట్టు.

ఫోన్ మోగింది.

"భానుమూర్తి గారూ," అంది కార్యదర్శి గొంతు, ఈసారి పట్టులా. "ఫలితాలు చూశాను. సంతోషం. పొరపాట్లు అందరికీ వస్తాయి. దిద్దుకునేవాళ్లకి ఎప్పుడూ చోటుంటుంది, దిద్దుకోనివాళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. మనవాళ్లు మీరు. ఆలోచించుకోండి."

ప్రతి మాటా, దాని కింద పొరా, ఆ పొర కింది కత్తీ భానుమూర్తికి అద్దంలోలాగా కనిపించాయి. ఇంత బాగా తెలుగు ఆయనకి ఎప్పుడూ అర్థం కాలేదు. పెదాలు తడుపుకున్నాడు.

"క్షమించండి సార్," అన్నాడు. "అర్థం కాలేదు. ఏం చెయ్యమంటున్నారో, ఎందుకు చెయ్యమంటున్నారో విడమర్చి చెప్పండి. రాసుకుంటాను."

అవతల గొంతు సవరించుకున్నారు. "అంటే..." అన్నారు. మళ్లీ సవరించుకున్నారు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది, ఏదో కుర్చీ కిర్రుమంది. తర్వాత లైను తెగిపోయింది.

ధనరేఖ ఊపిరి బిగబట్టి చూస్తోంది. నీలిమకి ఈ తెలుగంతా అందలేదు.

"ఆయన ఏమన్నారు సార్?"

భానుమూర్తి స్పీకరు ఆపేసి, ఉత్తర్వు నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమీ అనలేదమ్మా. అనలేకపోయాడు."